గిర్ని ఆగిన పది నిమిషాలు

విశ్రాంతమ్మ చేతిలో లెక్క తప్పదు. వంద చుట్లకో చింతగింజ పక్కన పెడుతుంది. ఆరు గింజలయ్యాక ఇంకో నలభై చుట్లు. అంతే, మైకుసెట్టు ట్రాన్స్‌ఫార్మర్‌కి కాయిల్ సిద్ధం. చుట్టేటప్పుడు ఎవరు పలకరించినా పలకదు. చుట్టాలొచ్చినా సరే, గింజ పక్కన పడేదాకా గుమ్మంలో నిలబడాల్సిందే. తొమ్మిదేళ్లుగా మణుగూరు బజార్లో ఆమె మొగుడు ఆదాము మైకుసెట్లు తయారుచేసి అమ్ముకుంటున్నాడంటే సగం ఆ చేతి చలవే. ఆ సంగతి ఆదాముకూ తెలుసు. పైకి చెప్పిన పాపాన మాత్రం పోలేదు.

షాపు గోడకు అవతల కిషన్‌లాల్ పిండిగిర్ని. పొద్దున మొదలైతే పొద్దుగూకే దాకా దాని రొద ఆగదు. అందుకే ఆ సందులో ఎవరూ మాట్లాడుకోరు, అరుచుకుంటారు. ఆదాము అరుపు అందరికంటే ఓ మెట్టు ఎక్కువ. చర్చిలో ప్రార్థన కూడా అదే గొంతుతో చేస్తాడు. దేవుడు పాపం గిర్ని పక్కన ఉండడని అతనికి ఎవరు చెప్పాలి?

గోదావరి పొంగి ఊళ్లను ముంచిన రెండేళ్లకు, ఎనభై ఎనిమిదిలో, ఒడ్డు పల్లెలకు వరద కబురు చెప్పే మైకుసెట్లు పన్నెండు కావాలని ఆదాముకు సర్కారు ఆర్డరు వచ్చింది. ముందు ఒకటి చేసి చూపించాలి, అది పరీక్షలో నెగ్గితే మిగతా పదకొండూ చెయ్యొచ్చు. ఆ ఒక్కదాని కాయిల్‌ని విశ్రాంతమ్మ చుట్టినంత శ్రద్ధగా ఎవరూ పూలదండ కూడా కట్టరు. ఆ వరదలోనే విశ్రాంతమ్మ తల్లి ఇన్నమ్మ చర్ల దారిలో ఉన్న తమ పల్లెలో ఇంటి కప్పెక్కి కూర్చుంది. అంతకు ముందు జీపు మైకు ఊరంతా తిరిగిందట. గరగర తప్ప ఒక్క మాటా అర్థం కాలేదట. "పెండ్లి మైకనుకున్నం బిడ్డా" అంటుంది ఇన్నమ్మ ఇప్పటికీ. రెండు బర్రెలు కొట్టుకుపోయాయి. మనుషులు దక్కారు, అదే పదివేలు.

పరీక్షకు వచ్చినాయన వెంకటరామారావు. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు, నెమ్మదస్తుడు. చెక్కపెట్టెలోంచి మీటరు తీసి బల్ల మీద పెట్టాడు. మైకుసెట్టులోకి పిల్లనగ్రోవి లాంటి ఒకే ఒక స్వరం పంపిస్తాడు. మీటరు ఆ స్వరాన్ని ఏరి పక్కన పెట్టి, ఇంకేం మిగిలిందో చూపిస్తుంది. ఆ మిగిలింది వందకు మూడు దాటకూడదు. దాటితే సెట్టు గొంతు చెడినట్టే. బజార్లో వాళ్ల చెవులు చిల్లులు పడతాయేమోనని ఆయన శబ్దం చిన్నగానే పెట్టాడు.

ముల్లు అయిదు దగ్గర నిలబడింది.

ఆదాము సెట్టు మూత విప్పాడు. తీగలు మార్చాడు, ట్రాన్సిస్టర్లు మార్చాడు, అతుకులన్నీ మళ్లీ అతికాడు. ముల్లు అయిదు దగ్గరే కూర్చుంది.

"కాయిల్ ఎవరు చుట్టారండీ?" అన్నాడు ఇంజనీరు.

"మా ఇంటామె సార్! చుట్లు తప్పినట్టుంది! గట్ల ముచ్చట్లల్ల పడితే లెక్క యాడుంటది?"

గిర్ని దగ్గర డబ్బాలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. గిర్ని రొదను దాటి వినపడేలా అరిచాడు మరి, మహానుభావుడు! విశ్రాంతమ్మకు ప్రాణం చివుక్కుమంది. ముచ్చట్లా? తనకా?

"కాయిళ్లు హైదరాబాదు నుంచి తెప్పించుకోవయ్యా. మిషను మీద చుట్టినవి దొరుకుతాయి. నెల గడువిస్తాను" అంటూ ఇంజనీరు కాగితం మీద 'వైండింగు లోపం' అని రాసుకున్నాడు.

"అట్లనే సార్!" అన్నాడు ఆదాము. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తొమ్మిదేళ్ల పనిని ఆ ఒక్క మాటతో తీసి అవతల పెట్టేశాడు. లోపలికి వెళ్లి ఏడవాలనిపించింది విశ్రాంతమ్మకు. వెళ్లలేదు. ముల్లు వంకే చూస్తూ నిలబడింది. చుట్లు తక్కువైన కాయిల్ ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. నేర్చుకునే రోజుల్లో పాడుచేసినవి లేకపోలేదు. అవి చిన్నగా పలికినంతసేపూ బాగానే పలుకుతాయి. గొంతు పెంచితేనే బొంగురుపోతాయి.

"సార్, జర సౌండ్ పెంచి చూస్తరా?"

"ఇప్పుడే అయిదుందమ్మా. పెంచితే ఇంకా చెడుతుంది."

"చెడితే నా కాయిలే. చూడుండ్రి."

ఆయన పెంచాడు. గుండీ తిప్పి, పెరిగిన స్వరమే వంద అయ్యేలా మీటరును మళ్లీ సరిచేశాడు. హారన్ కుయ్యిమని మోగింది. ముల్లు నాలుగుకు దిగింది.

"అదేంటి!" అన్నాడు ఇంజనీరు కళ్లద్దాలు సర్దుకుంటూ. మళ్లీ తగ్గించి చూశాడు. అయిదు.

"సార్, ఇప్పుడు మీటర్ గుండీలు ముట్టకుండ, ఆ కూత ఒక్కటే బంద్ చెయ్యుండ్రి" అంది విశ్రాంతమ్మ. "చెరగంగ చాటల దుమ్ముంటది సార్. దుమ్మంతా బియ్యంల నుంచే వచ్చిందంటే ఎట్ల? గాలికొచ్చి పడ్డది కూడ ఉంటది గద."

ఇంజనీరు స్వరం ఆపాడు. సెట్టులోకి ఇప్పుడు ఏమీ పోవడం లేదు. ముల్లు సున్నాకు పడాలి. పడలేదు. నాలుగున్నర దగ్గర నిలబడి వణుకుతోంది. ఎటు నుంచో వచ్చిన రొదనంతా మీటరు కాయిల్ నెత్తిన రుద్దుతోందన్నమాట!

"అయిదుల నాలుగున్నర పోతే అరనే సార్!" అని ఎగిరాడు ఆదాము.

"అలా తీసెయ్యకూడదయ్యా. వాటిని వర్గాలు చేసి తియ్యాలి" అని ఇంజనీరు కాగితం వెనక్కి తిప్పాడు. అయిదును అయిదుతో, నాలుగున్నరను నాలుగున్నరతో గుణించి, మొదటిదాంట్లోంచి రెండోది తీసి, మిగిలినదానికి వర్గమూలం కట్టాడు. "రెండు పాయింట్ రెండు రావాలి. లెక్క నిజమైతే, ఆ రొద ఆపినప్పుడు మీటరూ అంతే చూపించాలి. కానీ ఎక్కడిదా రొద?"

విశ్రాంతమ్మ గోడ వైపు చూసింది. గిర్ని మోటారుకూ షాపుకూ కరెంటు ఒకే స్తంభం నుంచి వస్తుంది. మోటారు రొద ఆ తీగల వెంట కూడా రావచ్చు.

ఆమే వెళ్లింది. "కిషన్‌లాల్ సేటూ, పది నిమిషాలు గిర్ని ఆపు."

"గిరాకీ ఉన్నరు చెల్లె! ముత్తక్క జొన్నలు సగంల ఉన్నయ్!"

"ఆపు సేటూ" అంది ముత్తక్క, డబ్బా కింద పెడుతూ. "ఆమె చెయ్యి సంగతి మాకెరుకే. జొన్నలు యాడికి పోతయ్?"

గిర్ని ఆగింది. ఇంజనీరు మళ్లీ స్వరం పంపి ముల్లు చూశాడు. రెండు పాయింట్ మూడు. శబ్దం పెంచి చూశాడు, మూడు దాటలేదు. ఇందాక రాసిన మాటను కొట్టేసి, "పొరపాటు నాదమ్మా. స్వరం ఆపి ముందే చూసుకోవాల్సింది" అన్నాడు మెల్లగా.

విశ్రాంతమ్మ తలూపింది. ఆమె చూపు మాత్రం ఆదాము మీదే ఉంది. ఆదాము గొంతు సవరించుకున్నాడు. తొమ్మిదేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది?

"లెక్క తప్పింది నాది విశ్రాంతం! నీది ఎన్నడు తప్పలే!"

గిర్ని ఆగి ఉందని మరిచిపోయాడు పాపం. ఆ అరుపు సందు దాటి, హోటల్లో చాయ తాగేవాళ్ల దాకా పోయింది. సందు చివర దర్జీ కుట్టుమిషను ఆగింది. డబ్బాలు పట్టుకున్న ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆదాము ముఖం ఎర్రబడింది. ఇంకొకడైతే తల దించుకుని లోపలికి జారుకునేవాడు. ఆదాము అక్కడే నిలబడి, ఈసారి తెలిసే, అంతే గట్టిగా అన్నాడు.

"ఎన్నడు తప్పలే!"

"చాలు, సేటు గిరాకీ పోతది. గిర్ని పెట్టుకొమ్మను" అంది విశ్రాంతమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

గిర్ని మళ్లీ మొదలైంది. ఇంజనీరు సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఇంకా పదకొండు చుట్టాలి. విశ్రాంతమ్మ చింతగింజల డబ్బా ముందు పెట్టుకుని రెండో కాయిల్ మొదలుపెట్టింది. నలభయ్యో యాభయ్యో చుట్టు దగ్గర లెక్క తప్పింది. ఎవరూ చూడకుండా ఆ తీగంతా విప్పేసి, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకుంది.