ఫలితం చెప్పి వెళ్ళండి

రెండో జవాబు సగంలో ఉండగా పాలు పొంగాయి.

కాస్త చూస్తూ ఉండమని ఆయన్ను పొయ్యి దగ్గర నిలబెట్టి స్నానానికి వెళ్ళిన భార్య, మాడు వాసన పసిగట్టి, ఈసారి ఎవరి మిషన్ ఆగిపోయిందని తలుపు సందులోంచే అడిగింది. ఆయన ఒక చేత్తో గట్టు తుడుస్తూ, రెండో చేతి బొటనవేలితో ఫోన్లో మిగిలిన రెండు మాటలూ కొట్టాడు: నెమ్మదిగా తిప్పండి, తొందరేం లేదు.

ఆయన బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మెకానిక్. యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. వీపు కొంచెం వంగింది. ఎప్పుడో సూది దిగిన చూపుడువేలి గోరు నల్లగా అలాగే ఉండిపోయింది. వరుసలో నిలబడితే ముందువాడికీ వెనకవాడికీ మధ్య ఖాళీలా ఉంటాడు తప్ప, అక్కడొక మనిషి ఉన్నాడని ఎవరికీ తోచదు.

కుట్టుమిషన్లవాళ్ళ సాయం ఫోరంలో మాత్రం ఆయన్ను ఎరగనివాళ్ళు లేరు. అక్కడ ఎవరికీ అసలు పేరుండదు. ఆయన పేరు నూనెచుక్క. ఎవరేం అడిగినా "ముందు ఒక చుక్క నూనె వేసి, ఏం చప్పుడొస్తోందో చెప్పండి" అని మొదలుపెడతాడు కాబట్టి ఆ పేరు నిలిచింది. తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే దేవుడి పటానికి దండం పెట్టుకుని, అరగంట ఆ ప్రశ్నల ముందు కూర్చుంటాడు. ఇదివరకే అడిగారు, వెతుక్కోండి అని ఒక్కరినీ అనలేదు. అడిగినావిడకు అది మొదటిసారే కదా అంటాడు.

ఆ ఫోరంలో ఒక మర్యాద ఉంది. జవాబు అందుకున్నవారు తిరిగి వచ్చి, మిషన్ బాగైందో లేదో చెప్పి, ప్రశ్నను మూసి వెళ్ళాలి. మూసేదాకా దాని పక్కన పసుపు చుక్క వెలుగుతూనే ఉంటుంది. కృతజ్ఞత చెప్పకపోయినా ఫరవాలేదు, ఫలితం చెప్పాలి. రేపు అదే జబ్బుతో వచ్చేవాళ్ళు ఆ మందే వాడతారు కదా. అయినా చాలామంది రారు. వాళ్ళు ఏరు దాటి తెప్ప తగలేసే రకం కాదు పాపం. మిషన్ నడవగానే పనిలో పడి, తెప్పను ఒడ్డున కట్టడం మరిచిపోతారు. ఆయన పేజీ నిండా పసుపు చుక్కలే. వాటిని చూసి ఆయన ఎప్పుడూ నొచ్చుకోలేదు.

రెండు వారాలుగా ఒక్క చుక్క మాత్రం కంట్లో నలుసులా గుచ్చుకుంటోంది. అది ఎర్రదారం అనే ఆవిడది. అత్తగారి పాత మిషన్ కుట్లు వదిలేస్తోందనీ, స్కూలు యూనిఫాంలు ఒప్పుకున్నాననీ, ఈ పని పోతే ఇల్లు గడవదనీ రాసింది. సూది దగ్గరి ఫోటో పెట్టి, ఫోన్ వెనక కెమెరా పగిలింది, ఫోటో సరిగా లేకపోతే ఏమనుకోవద్దంది. ఆయన చూశాడు. సూది తిరగబడి ఉంది, పైకొసన చదునుగా ఉండే వైపు ఇటు తిప్పి బిగించమన్నాడు. "అలాగే అన్నయ్యగారూ" అంది. అంతే, మళ్ళీ మాట లేదు.

"ఊళ్ళోవాళ్ళ మిషన్లన్నీ బాగుచేస్తారు," అంది భార్య డబ్బా చేతికిస్తూ. "మన వంటింటి కుళాయి ఆరు నెలల నుంచి ఏడుస్తోంది. దాని సంగతి కూడా ఆ ఫోన్లోనే అడగమంటారా?"

"సాయంత్రం చూస్తాలే."

"ఏ సాయంత్రమో కూడా చెప్పండి. గోడ మీద రాసిపెట్టుకుంటాను."

ఫ్యాక్టరీ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఈమధ్య అలా నిలబడుతున్నాడు. పైన మూడు వరుసల మిషన్లు తేనెపట్టులా రొద చేస్తున్నాయి. ఆ రొదలో ఏది తేడాగా పలుకుతోందో ఆయన చెవి గుమ్మంలోనే పట్టేస్తుంది. రెండో వరుసలో నాలుగోది. వెళ్ళి బెల్టు సరిచేశాడు. ఆ అమ్మాయి తలెత్తకుండానే కుట్టుకుపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కాలర్లు కుట్టే ఆవిడ తన ఫోన్ ఆయన ముందు పెట్టింది.

"చూడు బాబాయ్, ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ ఫోటోలో కుడి బుగ్గకి పోయింది. మా ఆయన చూస్తే ఇదెవరో అంటాడు."

"ముఖం వైపు కెమెరా అంతేనే, అద్దంలాగా తిప్పేస్తుంది," అంది పక్కనావిడ. "మీ ఆయన నీ బుగ్గ చూసి ఎన్నాళ్ళయిందో, పోల్చుకోడులే."

అందరూ నవ్వారు. ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. చెయ్యి కడుక్కుని వచ్చి, ఎర్రదారం పెట్టిన ఫోటో తెరిచి పెద్దది చేశాడు. సూది కింది రేకు మీద చిన్న అంకెలున్నాయి. అవన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి.

వెనక కెమెరా పగిలిందని చెప్పనే చెప్పింది. ఆవిడ సూది సరిగ్గానే పెట్టుకుంది. దాన్ని తప్పుగా తిప్పించింది తను. సూది అలా ఉంటే ఒక్క కుట్టు కూడా పడదు. పద్నాలుగు రోజులుగా ఆవిడ ఏం కుట్టి ఉంటుంది, ఏం వండి ఉంటుంది?

ఆవిడ ఒక్కదానికే చాటుగా రాసే వీలుంది. తొమ్మిదేళ్ళ పేరు చెక్కు చెదరకుండా ఉంటుంది. కానీ ఆ జవాబు అక్కడే ఉంటుంది, ఇంకొకరు చదువుతారు. అందరికీ కనబడేలాగే రాశాడు. తప్పు నాది. ఫోటో తిరగబడిందని చూసుకోలేదు. నా జవాబు ఎవరూ వాడకండి. ఎర్రదారంగారూ, సూది మీరు మొదట పెట్టినట్టే పెట్టండి. మీ పని చెడగొట్టి ఉంటే క్షమించండి.

క్షణంలో పెద్దకత్తెర అనే అతను వచ్చేశాడు. ఎవరెప్పుడు తడబడతారా అని కాచుకుని ఉండే మనిషి. "నూనెచుక్క మీదే నూనెచుక్క కాలు జారిందన్నమాట" అని రాశాడు. ఆయన దానికి "అవునండి" అని రాసి పనిలోకి వెళ్ళాడు.

సాయంత్రందాకా ఆవిడ నుంచి మాట లేదు. ఇంటికి వస్తూ దారిలో సామాన్ల కొట్టు ముందు ఆగి, కుళాయిలో వేసే రబ్బరు వాషర్ ఒకటి కొన్నాడు. ఇంట్లో చొక్కా విప్పుతుండగా ఫోన్ మోగింది.

"అన్నయ్యగారూ, మీరు చెప్పినట్టు తిప్పితే మిషన్ అసలు కుట్టడమే మానేసింది. ఎవరూ పలకనప్పుడు మీరొక్కరే అంత ఓపిగ్గా చెప్పారు. మీ మాట తప్పని నలుగురిలో అనడానికి నోరు రాలేదు, అందుకే ఊరుకున్నాను. మళ్ళీ వెనక్కి తిప్పుతుంటే సూది బిగించే కన్నంలో పీచు ముద్ద కనబడింది. తీసేస్తే సూది పైదాకా వెళ్ళింది. ఆ తర్వాత ఒక్క కుట్టూ వదల్లేదు. యూనిఫాంలు ఇచ్చేశాను. మీరు తిప్పమనకపోతే నేను సూది విప్పేదాన్నే కాదు. తప్పు చెప్పినా మీకు దండం."

చూస్తుండగానే పసుపు చుక్క ఆరిపోయింది.

ఆయన భార్యను పిలిచి పైకి చదివి వినిపించాడు. చదువుతూ నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

"తప్పు చెప్పి కూడా దండం పెట్టించుకోవడం మీకే చెల్లింది," అంటూ ఆవిడ ఆరిన బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్ళింది. బట్టలు మడతపెట్టి దిగి వచ్చేసరికి ఆయన ముందుగదిలో కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. నిద్రపట్టిందనుకుని ఆవిడ చప్పుడు కాకుండా దీపం వెలిగించి, దేవుడికి దండం పెట్టుకుని, ఆ తర్వాతే లేపబోయింది.

నాలుగో రోజున ఆయన పోయిన కబురు ఆ ఫోన్ నుంచి ఆవిడే ఫోరంలో రాసింది. అక్కడివాళ్ళు పెద్ద పెద్ద మాటలేం రాయలేదు. చుక్కలు ఆరడం మొదలుపెట్టాయి. మూడేళ్ళ కిందట అడిగాను, మిషన్ నడుస్తోంది. ఆరేళ్ళయింది, మా అమ్మది, ఇంకా నడుస్తోంది. చెప్పడం మరిచాను, క్షమించండి, నడుస్తోంది. ఏడేళ్ళ కిందట వేరే పేరుతో అడిగింది నేనే, నడుస్తోంది, అని పెద్దకత్తెర రాశాడు. కనిపించని దేవుడికి రోజూ దండం పెట్టే మనం, కనిపించని మనిషికి ఒక్క మాట చెప్పడానికి ఇంత ఆలస్యం ఎందుకు చేస్తామో తెలియదు. ఆలస్యంగా చెప్పినవి ఎక్కడికి చేరతాయో కూడా తెలియదు. చేరతాయనే అనుకోవాలి.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, ఇల్లు సద్దుమణిగిన మధ్యాహ్నం, ఆవిడకు వంటిల్లు కొత్తగా తోచింది. కాసేపటికి గానీ అర్థం కాలేదు. అక్కడ చప్పుడు లేదు.

ఫోన్ తీసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఫోరంలో రాసింది: మా వంటింటి కుళాయి ఆరు నెలలుగా కారేది. ఇప్పుడు కారడం లేదు.

సింకు గట్టు మీద, ఆయన పెట్టినచోటే, పటకారు పక్కన పాత వాషర్ ఉంది. ఒక వైపు అరిగి, పూర్తిగా ఆరిపోయి ఉంది.