దారం లేని మిషన్

ఇంట్లోనే మిషన్ పెట్టుకున్న ఆ కుట్టుపనామె కంటినిండా నిద్రపోయి పదేళ్ళు దాటింది. పిచ్చుక పుట్టిన దగ్గర్నుంచీ అంతే. పిచ్చుక అంటే ఆవిడ కూతురు. మాట రాదు, పిలిస్తే తిరిగి చూడదు, రాత్రంతా గోడలు తడుముతూ గదిలో తిరుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం మాత్రం పడుకుంటుంది. అదీ తల్లి మిషన్ తొక్కుతూ ఉంటేనే, మిషన్ పక్కన చాప మీద, తలగడ తోసేసి చెంప నేలకానించి. మిషన్ ఆగిందా, లేచి తల గోడకేసి కొట్టుకుంటుంది.

అందుకని కుట్టే బట్టలు అయిపోయినా ఆవిడ దారం తీసేసి ఉత్త మిషన్ తొక్కేది. చూసేవాళ్ళకది ఊకదంపుడే. బస్సు నడిపే భర్త ఒకసారి ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి, పెద్ద ఘనకార్యం చేసినట్టు పిల్ల చెవి దగ్గర పెట్టాడు. పిచ్చుక ఆ ఫోన్‌ను తీసుకెళ్ళి నీళ్ళ బకెట్‌లో వేసింది. ఆ తర్వాత ఆయన ఇంకే ఉపాయమూ చెప్పలేదు.

ఆవిడ కోరిక మాత్రం ఎంతని! ఒక్క మధ్యాహ్నం ఆ చాప మీద కూతురి పక్కన పడుకుని, వీపు మీద చెయ్యేసి నిద్రపోవాలి. కన్నతల్లికి అదీ ఒక కోరికేనా అని నోరు చేసుకోకండి. మెలకువగా ఉంటే పిల్ల ముట్టుకోనివ్వదు. నిద్రపోతే తల్లి కాళ్ళు పెడల్ మీద ఉండాలి. అంత దగ్గర్లో ఉన్న ఆ చిన్న వీపును చూస్తూ చూస్తూ ఆవిడ ప్రాణం కొట్టుకుపోయేది.

తొక్కుతూనే దేవుణ్ణి అడిగేది. "తండ్రీ, నాకంటే ఒక్కరోజు ముందు దీన్ని తీసుకెళ్ళు." ఏ తల్లి అడుగుతుంది ఆ మాట? అడిగిన ప్రతిసారీ లెంపలేసుకునేది. అడక్కుండానూ ఉండలేకపోయేది. తను పోతే ఈ పెడల్ తొక్కేదెవరు మరి?

అలాంటి ఒక మధ్యాహ్నం పెద్ద తోటికోడలు గుమ్మంలోకి వచ్చింది. కోటు జిప్పు ఊడిందన్నది వంక. అంతకుముందెప్పుడో నలుగురిలో, పిల్లను ఏ ఆశ్రమంలోనో చేర్పించి నీ బతుకు నువ్వు చూసుకోమని సలహా ఇచ్చింది. ఆ రోజు నుంచి వీళ్ళిద్దరి మధ్య మాటల్లేవు. ఇప్పుడు వచ్చి కాసేపు నిలబడి చూసింది. సూదిలో దారం లేదు, గుడ్డ లేదు, మిషన్ మాత్రం ఆడుతోంది. పాపం నిద్రమత్తులో దారం తెగింది కూడా చూసుకోలేదనుకుని, సాయం చేద్దామని చక్రం మీద చెయ్యేసి ఆపేసింది.

చాప మీద పిల్ల మూలిగింది. తల్లి ఆ చెయ్యి తోసేసి గబగబా తొక్కింది. పిల్ల సర్దుకున్నాక, గొంతు తగ్గించి సంగతంతా చెప్పింది. పెద్దావిడ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"లే. నేను తొక్కుతా."

"నీకు రాదక్కా. జోరు మారితే లేచిపోతుంది."

"మన అత్తగారి తాళానికి అన్నేళ్ళు ఆడినదాన్ని. ఇదో లెక్కా?"

మిషన్ ఆపకుండా మనిషి మారాలి. ఒకామె పాదం తీస్తుంటే ఇంకొకామె పాదం పెట్టింది. ఒక్కసారి తడబడింది. పిల్ల రెప్పలు కదిలాయి. మళ్ళీ కుదురుకుంది.

"అప్పుడు నేనన్న మాట..." అని పెద్దావిడ మొదలుపెట్టింది.

"మాట్లాడకక్కా, తాళం తప్పుతుంది."

కుట్టుపనామె చాప మీద ఒరిగి, పిల్లలాగే చెంప నేలకానించింది. నేల సన్నగా అదురుతోంది. ఆ అదురు చెంపలోంచి పళ్ళలోకి, గుండెలోకి వస్తోంది. ఇన్నేళ్ళూ పిల్ల తనను అమ్మా అని పిలవలేదని ఏడ్చింది కానీ, పిల్లకు అమ్మంటే ఇదని ఆవిడకు తెలియనే తెలియదు. చెయ్యి మెల్లగా ఆ వీపు మీద వేసింది. పిల్ల విదిలించలేదు. అలవాటు కొద్దీ ప్రార్థన మొదలుపెట్టింది. "తండ్రీ, నాకంటే..." అన్నంతవరకే గుర్తు.

కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ పచ్చబడింది. మిషన్ ఇంకా నడుస్తూనే ఉంది. కంగారుగా పక్కకు తడిమితే చాప ఖాళీ. తలెత్తి చూస్తే పిచ్చుక మిషన్ కాలికి చెంప ఆనించి కూర్చుని, రెండు కళ్ళూ తెరుచుకుని తల్లినే చూస్తోంది. పెద్దావిడ మొహం చెమటతో తడిసి ముద్దయింది.

"ఇది ఎప్పుడు లేచిందక్కా?"

"చాలాసేపయింది."

"మరి ఇంకా తొక్కుతున్నావేం?"

"ఆపితే నువ్వు లేస్తావేమోనని."