ఆరో పేజీ పట్టిక

రోజూ పొద్దున్నే ల్యాబ్ తాళం తియ్యకముందే డాక్టరమ్మ లైబ్రరీకి వెళ్లి, తొమ్మిదేళ్ల కిందట అచ్చయిన తన పరిశోధన వ్యాసంలో ఆరో పేజీ తెరిచేది. ఆ పేజీలో ఒక పట్టిక. రక్త క్యాన్సర్‌కి కొత్త మాత్ర వేసుకున్న రోగులు నలభై ఒక్కమంది. పోల్చి చూడడానికి రక్తమిచ్చిన ఆరోగ్యవంతులు పన్నెండుమంది. అడుగు వరసలో, రోగుల్లో బతికున్నవాళ్లెందరో. ఎవరైనా పోతే ఆ అచ్చు అంకె దానంతటదే ఒకటి తగ్గేది. ఈ ఒక్క ప్రతిలోనే కాదు, ఆ పత్రిక ఎక్కడెక్కడుందో అక్కడల్లా. ముప్పై తొమ్మిదితో మొదలై ఇరవై తొమ్మిదికి దిగింది.

లైబ్రేరియన్ విద్యార్థులకి ముందే చెప్పేసేది. "రాసుకునేటప్పుడు పక్కన తారీఖు వేసుకోండి. రేపటికి అదే ఉంటుందని నేను పూచీ పడను."

ఆ సోమవారం డాక్టరమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. రోగులు నలభై రెండు. ఆరోగ్యవంతులు పదకొండు. బతికున్నవాళ్లు ముప్పై.

"ఎవరో అటునుంచి ఇటొచ్చారు," అంది లైబ్రేరియన్ గొంతు తగ్గించి.

ఆ పన్నెండుమందిలో పదకొండుమంది, డాక్టరమ్మతో కలిపి, ల్యాబ్‌వాళ్లే. మధ్యాహ్నానికల్లా టెక్నీషియన్ అందరి రక్తమూ తీశాడు. సూది దిగిన చోట దూది నొక్కుకుంటూ, ఒకళ్ల మొహం ఒకళ్లు చూడకుండా కూర్చున్నారు. డాక్టరమ్మ ఒక్కో గాజుపలకనీ మైక్రోస్కోపు కింద పెట్టింది. పదకొండూ శుభ్రంగా ఉన్నాయి.

టెక్నీషియన్ గొంతు సవరించుకున్నాడు. "ఇక మిగిలింది మీ అన్నయ్యగారేనమ్మా."

అన్నయ్య ఆమెతో మాట మానేసి పదేళ్లు దాటింది.

ఆమె వెళ్లేసరికి అతను షెడ్డులో లేత్ మిషన్ మీద ఇనప కడ్డీ చెక్కుతున్నాడు. చెల్లెల్ని చూసి కూడా మిషన్ ఆపలేదు. ఆమె పత్రిక తెరిచి పట్టుకుని, ఆ మోతలోనే అరవాల్సి వచ్చింది.

"అన్నయ్యా, నువ్వు రోగుల్లోకి మారావు!"

మిషన్ ఆగింది. అతను చేతుల నూనె గుడ్డకి తుడుచుకుని పేజీకేసి చూశాడు.

"అమ్మ పోయిందీ ఈ జబ్బుతోనే. ఆ మాత్ర ఇమ్మని నిన్నెంత బతిమాలాను? డెబ్భై దాటి నాలుగు నెలలైంది, రూలు ఒప్పుకోదన్నావు. ఇందులో ఎక్కడుంది అమ్మ?"

"ఎక్కడా లేదు."

"నన్ను మాత్రం అడక్కుండానే ఎక్కించావు."

"నేనెక్కించలేదు. నా చేతుల్లో ఉంటే నిన్ను ఆ పన్నెండుమందిలోంచి కదలనిచ్చేదాన్నా?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను."

వదిన లోపల్నుంచి ఉతికిన చొక్కా తెచ్చి అతని భుజాన వేసింది. "నెల్నాళ్లుగా ఒంటిమీద అక్కడక్కడ కమిలిన మచ్చలు. అడిగితే దెబ్బ తగిలిందంటారు. నడవండి," అంది.

అతని రక్తంలో చెడ్డ కణాలు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. ఇంత ముందుగా దొరికిన రోగిని డాక్టరమ్మ తన సర్వీసులో చూడలేదు. మూలుగ పరీక్ష కూడా అదే మాట చెప్పింది. ఆ వారమే మాత్రలు మొదలయ్యాయి.

ప్రతి సోమవారం అన్నయ్య రక్తమివ్వడానికి వచ్చేవాడు. చెయ్యి టెక్నీషియన్‌కే చాపేవాడు, మాటలు కూడా అతనితోనే. ముందుగా లైబ్రరీకి వెళ్లి అడుగు వరస చూసుకునేవాడు. ముప్పై. మళ్లీ ముప్పై. మచ్చలు మానాయి.

ఒక సోమవారం అక్కడ ఇరవై తొమ్మిది ఉంది.

అతను నిలుచున్నపళాన తన మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టుకున్నాడు. నాడి కొట్టుకుంటోంది. "హమ్మయ్య," అన్నాడు పైకే. తలతిప్పితే గుమ్మంలో చెల్లెలు.

"ఎవరు?" అన్నాడు, తల దించుకుని.

"బళ్లో టీచరు. ఇద్దరు పిల్లలు. ఇందాకే ఫోనొచ్చింది."

"నేను హమ్మయ్య అనుకున్నాను."

"ఫోన్లో నీ పేరు కాదని తెలియగానే నేనూ అదే అనుకున్నాను. ఆ టీచరు తండ్రి ఏడుస్తుంటే వింటూ అనుకున్నాను."

అన్నయ్య పత్రిక మూసి, ఎడమ చేతి చొక్కా పైకి మడుచుకుంటూ, "పద. ఇవాళ నువ్వే తియ్యి," అన్నాడు.