ఏ కాలితో ఎగరాలి

ఉత్తరం వచ్చేసరికి ఎంపిక పోటీలకు తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడి, తలా రెండు కొసలు పట్టుకుని దుప్పట్లు మడత పెడుతున్నారు. చెల్లెల్ని అక్కడ అందరూ మిడత అంటారు. చిన్నప్పుడు కాలవలు దూకి తెచ్చుకున్న పేరది. పద్దెనిమిదో ఏట బస్సు చక్రం కింద పడి కుడికాలు మోకాలి కింద నుంచి పోయింది కానీ, పేరు పోలేదు. కొంగమెడలా వంపు తిరిగిన పెట్టుడుకాలు తొడుక్కుని, రెండు కాళ్ళూ ఉన్నవాళ్ళ పక్కన నిలబడి లాంగ్ జంప్ చేస్తుంది. ఇసుక గుంట ముందుండే చెక్కపలక మీద ఆ పెట్టుడుకాలినే మోపి గాల్లోకి లేస్తుంది.

"ఏం రాశారే?" అంది అక్క.

పోటీలు నడిపే సంఘం పంపిన ఉత్తరాన్ని మిడత విప్పి చదివింది. పోటీకి రావచ్చు. కానీ సొంత కాలితోనే ఎగరాలి. పెట్టుడుకాలితో ఎగిరితే ఆ జంప్ చెల్లదు. ఆ కాలు వల్ల అదనపు బలమేమీ రావడం లేదని పరీక్ష చేయించి కాగితం తెస్తే, అప్పుడు ఆలోచిస్తారట.

"ఆ పరీక్షకి ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు నెలలు."

"ఇల్లు కాలుతుంటే బావి తవ్వమన్నట్టుంది," అంది అక్క. చేతిలోని దుప్పటి బల్ల మీదికి విసిరికొట్టింది. "నీ కాలు పోయిన రోజున నిన్ను చూసి ఒక్కరూ కుళ్ళుకోలేదే! ఇప్పుడు లాభమైపోయిందా?"

మాస్టారికి డెబ్బై ఏళ్ళు. మిడతకి పెట్టుడుకాలితో పరుగు నేర్పింది ఆయనే. ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఎడమకాలితో ఎగురుదువు గానీ, పద."

"తొమ్మిది రోజుల్లో నేర్చుకోగలనా మాస్టారూ?"

"నేర్చుకోవచ్చమ్మా. ఏళ్ళ తరబడి చేసింది మర్చిపోవడమే కష్టం."

ఆయన అన్నట్టే అయింది. అడుగుల లెక్క మొత్తం తిరగబడింది. ఆఖరి రెండు అడుగులు వేసేసరికి ఒళ్ళు తన దారిన తాను కుడివైపు వాలిపోయేది. రెండోరోజు బోర్లాపడి పెదవి చీరుకుంది. నాలుగోరోజు మొండికాలి తొడుగు విప్పితే రక్తం అంటుకుని ఉంది. అది అక్క కంటపడకుండా కొళాయి కింద ఉతికేసి, అటునుంచి అటే పొడుగమ్మ ఇంటికి వెళ్ళింది.

ఆ ఉత్తరానికి కారణమైన ఫిర్యాదు పెట్టింది పొడుగమ్మే. ఇద్దరు పిల్లల తల్లి. తెల్లారకముందే లేచి మైదానానికొచ్చి లాంగ్ జంప్ సాధన చేసి, ఆ తర్వాత బడికి వెళ్ళి ఆటలు నేర్పుతుంది. పోయిన ఏడాది ఆమెను వెనక్కి నెట్టి ఎంపికైంది మిడతే.

పొడుగమ్మ వాకిట్లో కూర్చుని కూతురికి గోళ్ళు తీస్తోంది. మిడతను చూసి పిల్లను లోపలికి పంపింది.

"ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను," అంది మిడత.

నోరు జారాక గానీ ఆ మాట ఎలా ఉందో ఆమెకే తెలియలేదు.

"నీ మీద నాకు పగేమీ లేదు," అంది పొడుగమ్మ. "పోయినసారి మూడువేళ్ళ తేడాలో పోయింది నాకు. ఆ మూడువేళ్ళూ నీవా, ఆ కాలివా? నీవేనని పిల్లల మీద ఒట్టేసినట్టు గట్టిగా చెప్పు. రేపే వెళ్ళి వెనక్కి తీసుకుంటా."

మిడత నోరు తెరిచింది. రెండు కాళ్ళూ ఉన్నప్పుడు ఐదు మీటర్ల నలభై దూకేది. ఇప్పుడు ఆరు దాటుతోంది. ఆ మధ్యలో పదకొండేళ్ళ చెమట ఉంది. ఆ కాలూ ఉంది. కలిసిపోయిన పాలూ నీళ్ళూ ఎవరు విడదీయగలరు?

"నాకు తెలీదు," అంది.

"నాకూ తెలీదు. తెలీకుండా ఇంకోసారి ఓడిపోలేను. నాకు ముప్ఫై దాటాయి."

"మరి నాకు?"

పొడుగమ్మ లేచి కూతుర్ని పిలుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

పోటీరోజున మొదటి జంప్‌లో మిడత పాదం పలక దాటింది. చెల్లదని ఎర్రజెండా లేచింది. రెండోది నాలుగు మీటర్ల డెబ్బై. బడిపిల్లలు దూకే దూరం. ఇక మిగిలింది ఒక్కటే. కంచె అవతల అక్క చున్నీ కొస నోట్లో కుక్కుకుని నిలబడింది.

మిడత అడుగులు లెక్కపెట్టుకుంటూనే పరుగెత్తింది. ఎడమ, ఎడమ అని పళ్ళు బిగించి అనుకుంటూనే ఉంది. చివరి అడుగులో ఒళ్ళు ఆమె మాట వినలేదు. పెట్టుడుకాలే పలక మీద పడింది. గాల్లో ఎంతసేపుందో ఆమెకే తెలియలేదు. ఇసుకలో దిగి వెనక్కి తిరిగి చూస్తే, పలక దగ్గర లేచిన ఎర్రజెండా చాలా దూరాన కనిపించింది.

మిడత లేవలేదు. మడమల గుర్తు పక్కనే కూర్చుండిపోయింది.

"కొలవండి."

"చెల్లని జంప్‌కి కొలత ఉండదమ్మా. లే, తర్వాతివాళ్ళు ఉన్నారు," అన్నాడు టేపు పట్టుకున్నాయన.

"మీరు రాసుకోవద్దు. నాకు చెప్పండి చాలు. ఒక్కసారి కొలవండి, మీకు దణ్ణం పెడతా."

ఆయన ఇబ్బందిగా పక్కవాళ్ళ వైపు చూశాడు. ఇసుక గుంట పక్కనే పొడుగమ్మ నిలబడి ఉంది. అప్పటికి అందరికన్నా ముందుంది ఆమే, ఐదు మీటర్ల తొంభై రెండుతో. కంటితోనే దూరం చెప్పగలదని మైదానంలో ఆమెకు పేరు. పలకనీ, మడమల గుర్తునీ ఆమె రెండేసిసార్లు చూసింది.

"నువ్వు చెప్పు, ఎంతుంటుంది?" అంది మిడత.

"నేను చూడలేదు," అని పొడుగమ్మ మొహం తిప్పుకుంది.

మాస్టారు వచ్చి మిడతను లేవనెత్తాడు. దంతె పట్టుకున్న ముసలాయన వచ్చి, రెండు లాగుల్లో ఇసుక చదును చేశాడు.

పొడుగమ్మ ఎంపికైంది. బస్సులో మిడత కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. తర్వాత ఉన్నట్టుండి అక్క చెయ్యి పట్టుకుని ఊపింది.

"నువ్వు చూశావు కదా అక్కా? ఎంత దూకాను?"

"చాలా దూరం, పిచ్చిదానా. చాలా."

"చాలా అంటే?"

అక్క రెండు చేతులూ బారజాపి చూపించబోయింది. బస్సులో అంత చోటు లేదు. చేతులు దించేసి, చెల్లెలి తలను భుజానికి అదుముకుంది. మిడత అడుగుతూనే ఉంది.