పొగ పోయేలోపు కథ

పొయ్యి రాజేసి గుమ్మం బయట పెట్టానంటే, పొగ పోయేదాకా నన్నెవరూ ఏమీ అడగరు. ఊరుగాని ఊళ్లో, ఈ నిమ్‌పురా రైల్వే క్వార్టర్స్‌లో అందరివీ ఇనప బాల్చీకి మట్టి మెత్తిన పొయ్యిలే. రాక్షసి బొగ్గు ఎర్రబడేవరకు లోపలికి తేకూడదు, ఇల్లంతా మసి. నీళ్లు పట్టడం, క్యారేజీ కట్టడం, మా ఆయన రైలింజన్ల షెడ్డు బట్టల నూనె మరకలు వదిలించడం, అత్తకి కాళ్లు పిసకడం, వీటన్నిటి మధ్య నాదంటూ ఉన్నది ఆ పొగ ఒక్కటే.

ఆ పొగలో కూర్చుని చదివేదాన్ని. పక్క లైను ఆంగ్లో ఇండియన్ దొరసాని ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఇచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. అన్నీ గ్రహాల కథలూ రాకెట్ల కథలూ, ఒక్కొక్కటి ఒక్కొక్కరు రాసింది. మిషన్ స్కూల్లో నేర్చిన ఇంగ్లీషు పెళ్లయ్యాక మొదటిసారి పనికొచ్చింది. నవలైతే నావల్ల కాదు. నిన్న ఎక్కడ ఆపానో గుర్తొచ్చేసరికి ఎవరో ఒకరు కేకేస్తారు. ఇది అలా కాదు, ఒక పొయ్యికి ఒక కథ. పొద్దున్న అంగారకుడి మీద ఇసక తుఫాను, సాయంత్రం కాలంలో వెనక్కి నడిచే మనిషి. ఒకటి నచ్చకపోతే పోనీ, తర్వాతి పొయ్యికి ఇంకొకరి ఊహ. వేలెడంత కథ లోకాన్నంతా తిరగేసి చూపించి, అన్నం వేళకి నన్ను ఇంట్లో దింపేసేది.

"బైబిలు సదవాల్సిన కళ్లతో ఆ సుక్కల పుస్తకమేటే?" అనేది అత్త. "పొయ్యి ఊదుకునేదానికి సెంద్రమండలం కావాలట!" అని మా ఆయన తీతు నవ్వేవాడు.

నవ్వనీ. లైన్లో ఆడవాళ్లు మాత్రం తమ పొయ్యిలు నా పొయ్యి పక్కకే తెచ్చి పెట్టేవారు. చదివింది తెలుగులో చెప్పేదాన్ని. ఒకరోజు పక్కింటి దాలమ్మ అడిగింది. "అంతా బాగుంది గానీ ఎలీసమ్మా, ఆ రాకెట్లో వంటెవలు సేస్తారు?"

అందరూ పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పుస్తకమంతా తిరగేశాను. ప్రతి గ్రహం మీదా తిన్నవాళ్లున్నారు, వండినవాళ్లు లేరు. చుక్కల దాకా ఊహించిన మహానుభావులకి వంటగది అందలేదు కాబోలు!

సరే, నేనే కట్టాను ఒక కథ. నక్షత్రానికి పోయే ఓడ. కెప్టెనూ ఇంజనీర్లూ ఏళ్ల తరబడి మంచుపెట్టెల్లో నిద్రపోతారు. వాళ్లు లేచేసరికి వండిపెట్టడానికి ఒక ఆడమనిషిని మేలుకునుండమంటారు. చివరికి కెప్టెన్ లేచి, "ఏటి వండినావు?" అంటాడు. సరిగ్గా అప్పుడే బొగ్గు ఎర్రబడింది. ఎవరి పొయ్యి వాళ్లు ఎత్తుకుపోయారు. మర్నాటి నుంచి ముసురు. పొయ్యిలు వసారా దాటలేదు, కథ అక్కడే ఆగింది.

ఈలోగా కుళాయి దగ్గర దాలమ్మ అంది. "మీ ఆయన ఆ మంచుపెట్టెల కథ సెప్తంటే షెడ్డులో మావోళ్లు టీలు మరిసిపోయి ఇంటన్నారట. తనే కట్టినానన్నాడట గదా!"

ఒళ్లు మండిపోయింది. లోపల గడ్డం గీసుకుంటూ అన్నీ చెవులప్పగించి విన్నాడన్నమాట! అంత మంటలోనూ పొంగిపోయాను. షెడ్డు మొత్తం నోరెళ్లబెట్టి విన్నది నా కథ.

ఆ సాయంత్రం తీతు నా పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు, ఎప్పుడూ లేనిది.

"ఎలీసా, ఆ మంచుపెట్టెల కథ ఆఖరికేటవుద్ది? ఆదివారం రైల్వే ఇనిస్టిట్యూట్‌ హాల్లో మన ఆంధ్రా సంఘం వార్షికోత్సవం. నన్ను సెప్పమన్నారు. బోర్డు మీద పేరు కూడా రాసీసినారు."

"ఏటి, మీరు కట్టిన కథకి ఆఖరు మీకే తెల్దా?"

"ఎవలు సెప్తే ఏటే? మన కథే కదా."

"వంట నాదీ, కథ మనదీనా? మీరు మొదలెట్టండి. ఆఖరు నేనొచ్చి సెప్తాను."

"నలుగుర్లో పరువు తీస్తావా?" అన్నాడు. నేను అన్నం వార్చుకున్నాను.

ఆదివారం తీతు బాగానే చెప్పాడు, అబద్ధమెందుకు. "ఏటి వండినావు?" దాకా వచ్చి ఆగాడు. ఆడవాళ్ల చాపల వైపు చూశాడు. లేచాను. అత్త కొంగు పట్టుకుంది, విడిపించుకున్నాను. తల దించకుండా ముందుకు నడిచాను.

"ఆ వంటావిడ కెప్టెన్ కుర్చీలో కూసునుంది, లెగలేదు," అన్నాను. "'మీరు పడుకున్నన్నాళ్లూ ఓడ నడిపింది నేను' అంది. ఈ కథ కట్టిందీ నేనే. నా పేరు ఎలీసమ్మ."

చాపల మీంచి దాలమ్మ గొంతెత్తింది. "అయితే మరి, వంటెవలు సేసినారమ్మా?"

"కెప్టెను," అన్నాను.