బానెట్ కింద పావంగుళం

బానెట్ మూతపడలేదు. అల్లుడు అరచేతులతో నొక్కాడు, మోచేతులతో నొక్కాడు, ఎక్కి కూర్చుందామా అని కూడా అనుకుని, రేకు సొట్టపోతుందని మానుకున్నాడు. మామగారి మెకానిక్ షెడ్డులో పనికి చేరి, ఆయన కూతుర్నే చేసుకున్నాడు కాబట్టి వీధి మొత్తానికి అతను అల్లుడే. అతనికన్నా ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు కూడా బండి ఆగిపోతే "అల్లుడూ, కాస్త చూడు" అంటారు.

ఇంటి ముందున్న ఈ కారు మాత్రం ఎవరో కస్టమర్‌ది కాదు, సొంత భార్యది. ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పాలని ఆమెకు ఎన్నాళ్ల నుంచో కోరిక. పేర్లు ఇచ్చినవాళ్లు ఆరుగురున్నారు. సాయంత్రం నాలుగింటికి రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండి చూసి సంతకం పెడితేనే బడి మొదలవుతుంది. రెండుసార్లు వాయిదా పడింది, మూడోసారి తప్పితే దరఖాస్తే రద్దు. సరిగ్గా నిన్ననే పాత కార్బ్యురేటర్ పగిలింది. ఊరంతా గాలిస్తే దొరికింది ఒక్కటే, అదీ పెద్ద బండిది. ఇంజనుకు అది చక్కగా కుదిరింది, కానీ పొడుగెక్కువ. దాని నెత్తిన గాలి వడకట్టే ఎయిర్ క్లీనర్ డబ్బా పెట్టేసరికి బానెట్‌కు తగులుతోంది.

ఎంత తగులుతోందో చూడటానికి వంటింట్లోంచి పిండిముద్ద తెచ్చి డబ్బా మూత మీద పెట్టాడు. బానెట్‌ను దాని మీదికి దించి, మళ్లీ ఎత్తాడు. మామూలుగా అయితే నలిగిన ముద్ద మందాన్ని కొలిస్తే ఎంత సందుందో తెలిసిపోతుంది. ఇక్కడ ముద్ద చిరిగిపోయి రేకుకు రేకు తగిలింది, అయినా బానెట్ పావంగుళం పైనే నిలిచింది.

డబ్బా తీసేసి పళ్లెంలాంటి పొట్టి ఎయిర్ క్లీనర్ బిగించాడు. బానెట్ అయితే పడింది గానీ, మూత కార్బ్యురేటర్ నోటికి అడ్డం పడి ఇంజనుకు గాలి అందలేదు. నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. గంట రెండయింది. బానెట్‌కు కన్నం ఉంటే బండి చెల్లదని దరఖాస్తు కాగితం మీద స్పష్టంగా రాసుంది. అయినా సున్నం ముక్కతో బానెట్ మీద గుండ్రంగా గీత గీసి, గ్రైండర్ చేతిలోకి తీసుకున్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ కూడా ఆధారమే మరి.

ఆ గీతను భార్య చూసింది. గ్రైండర్ ప్లగ్గు పీకేసి, తండ్రికి ఫోన్ చేసింది. అల్లుడికి గోరుచుట్టు మీద రోకటిపోటు పడ్డట్టయింది. మామగారు అతనితో మాట్లాడి రెండేళ్లయింది. అప్పట్లో ఓ రోజు పెద్దాయన బిగించిన నట్టును కస్టమర్ ఎదుటే అల్లుడు మళ్లీ స్పానర్ పెట్టి బిగించి చూశాడు. ఆయన చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. అంతే, మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు. కూతురింటికి వస్తాడు, భోంచేస్తాడు, అల్లుడితో ఏదైనా చెప్పాలంటే కూతురితో చెబుతాడు.

పది నిమిషాల్లో వచ్చాడాయన. సున్నం గీతను చూసి ముఖం చిట్లించాడు. బానెట్ జోలికి వెళ్లకుండా వంగి, ఇంజను కూర్చునే రబ్బరు దిమ్మలను వేలితో నొక్కి చూశాడు. దిమ్మలు గట్టిగా ఉన్నాయి.

"ఇవి ఎవరు మార్చారో అడుగమ్మా" అన్నాడు కూతురితో.

"ఎవరు మారుస్తారు నాన్నా, ఈయనే."

పెద్దాయన తల తిప్పి నేరుగా అల్లుడి వైపు చూశాడు.

"కిందున్న బిళ్లలు తీశావా?"

"ఏ బిళ్లలు మామయ్యా?"

సంగతి అప్పుడు బయటపడింది. షెడ్డు మానేసే ముందు వారం, ఈ బండి పాత దిమ్మలు కుంగిపోయాయని ఆయన వాటి కింద అరంగుళం మందం ఇనుప బిళ్లలు పెట్టి, తుప్పు పట్టకుండా నల్లరంగు పూశాడు. ఆయన వెళ్లాక అవే దిమ్మలు పాడయ్యాయని అల్లుడు కొత్తవి వేశాడు. నల్లరంగులో ఉన్న బిళ్లలు ఛాసిస్‌లో భాగమే అనుకున్నాడు. ఒకే జబ్బుకు ఇద్దరూ మందు వేసేసరికి ఇంజను ఉండాల్సిన దానికన్నా అరంగుళం ఎత్తులో నిలబడింది. పాత కార్బ్యురేటర్ పొట్టిది గనక ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు.

"చెప్పాల్సింది నేనే. కోపంలో చెప్పలేదు" అన్నాడు మామగారు.

"ఆ రోజు నట్టు బాగానే బిగిసి ఉంది మామయ్యా. అలవాటుకొద్దీ చెయ్యి పోయింది. మిమ్మల్ని తక్కువ చేద్దామని కాదు."

"ఆ మాట రెండేళ్ల కిందట అనుంటే బాగుండేది. సరే, జాకీ పెట్టు."

ఇంజనును కాస్త ఎత్తి బిళ్లలు లాగేశారు. మామగారు ఫ్యాను రేడియేటర్‌కు తగలడం లేదని చేత్తో తిప్పి చూసుకున్నాడు. మొదటి డబ్బానే మళ్లీ పెట్టించి, దాని మీద కొత్త పిండిముద్ద వేయించి, బానెట్ వేయించి, ఇంజను స్టార్ట్ చేసి ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కమన్నాడు. ఇంజను ఊగినప్పుడు తగిలితే రేపు మళ్లీ ఇదే గోల అన్నాడు. బానెట్ ఎత్తి చూస్తే ముద్ద చిరగలేదు, పెన్సిలంత మందం మిగిలి ఉంది. అల్లుడికి పోయిన ప్రాణం లేచివచ్చింది. తడిగుడ్డతో సున్నం గీత తుడిచేశాడు. గ్రైండర్ ప్లగ్గు పీకినందుకు భార్యకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ నాలుగుకు వచ్చి, బండి చుట్టూ తిరిగి, బానెట్ రెండుసార్లు ఎత్తి దించి, సంతకం పెట్టి వెళ్లాడు. భార్య ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, ఆరుగురికీ ఫోన్లు చేయడానికి లోపలికి పరుగెత్తింది. అల్లుడు మెట్టు మీద కూలబడి, పొద్దుటి నుంచి తాగని నీళ్లు చెంబుడు తాగాడు.

మామగారు చేతులు తుడుచుకుంటూ అడిగాడు, "రేపు షెడ్డు ఎన్నింటికి తీస్తావ్?"

"ఎనిమిదికి."

"అంత ఆలస్యమా? తాళంచెవి ఇలా ఇవ్వు."

అల్లుడు జేబులోంచి తీసి ఆయన చేతిలో పెట్టాడు. తన దగ్గర ఇంకోటి లేదని తర్వాత గుర్తొచ్చింది. ఫర్వాలేదు, తను వెళ్లేసరికి షెడ్డు తెరిచే ఉంటుంది.