అనిత ఏరిన కొండచిలువ

పాములంటే అనితకు భయం లేదు. ఆ మాట ఆ తీరంలో ఎవరినడిగినా చెబుతారు. వలల మధ్య పుట్టి వలల మధ్య పెరిగిన పిల్ల. తండ్రి లాగిన వలలో చేపలతో పాటు సముద్రపు పాము వస్తే, తోక పట్టుకుని నీళ్లలోకి గిరాటేసి మళ్లీ చేపలు ఏరుకునేది. కాకపోతే ఆ పాములు వచ్చిన దారినే పోయేవి. ఇంట్లో తిష్టవేసి, మనం పెట్టింది తిని, మన మధ్యనే పెరిగే పాము సంగతి వేరు. అలాంటిదాన్ని తెస్తానని మొగుడు అన్న రోజు నుంచీ అనితకు అన్నం సయించలేదు.

మొగుడి పేరు శివాజీ. సముద్రం మీదికి వెళ్లడం మానేసి రొయ్యల చెరువులు కౌలుకు పట్టాడు. చెరువుగట్టు మీద పనేముంటుంది? నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతుంటాయి, మనిషి కూర్చుంటాడు. అప్పుడే ఫోన్లో నెట్టు చవకైంది. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో కొండచిలువల్ని కండువాల్లా మెడలో వేసుకుని నవ్వుతున్న వీడియోలు చూసీ చూసీ, తన మెడ బోసిగా ఉందని వాడికి తోచింది. అడిగితే మాత్రం మేత షెడ్డులో ఎలకలు పడి బస్తాలు కొరికేస్తున్నాయనీ, కొండచిలువ ఉంటే వాటి పీడ విరగడవుతుందనీ చెప్పాడు. ఎలకలకి పిల్లి చాలదా అని అనిత అడిగింది. పిల్లి రొయ్యలు తినేస్తుందన్నాడు. మొండివాడికి జవాబులకేం తక్కువ?

ఏడ్చింది, అలిగింది, రెండు పూటలు పస్తు పడుకుంది. శివాజీ తల్లి కూర్మమ్మ ఇద్దరి మధ్యా వేలు పెట్టలేదు. చివరికి అనితే దిగొచ్చింది. తేవడమంటూ తెస్తే తాను ఏరిందే తేవాలంది. హార్బర్లో చేప ఏరడంలో అనిత కన్ను అంటే అందరికీ గురి, చేపల గంప ఎత్తి తల నెరిసిన కూర్మమ్మ కూడా కోడలు చూశాకే బేరం ఆడేది. మూడు నాలుగింటిలో మెత్తనిదాన్ని, మనిషి జోలికి రానిదాన్ని పోల్చుకోలేనా అనుకుంది పాపం.

విజయనగరంలో గంటస్తంభం దాటాక ఒక సందులో ఉపేంద్ర అనే ఆయనకు రంగు చేపల దుకాణం ఉంది. ముందు గదిలో చేపలు, వెనక గదిలో చెప్పకూడనివి. మన అడవుల్లోదైతే ఫారెస్టు వాళ్లు పట్టుకుపోతారు గానీ ఇవి పైదేశం సరుకు, ఎవరూ అడగరని ఆయన చెప్పాడు. ఎవరూ అడగని సరుకైతే కిటికీలకి అట్టలు ఎందుకు కొట్టాడో అనిత అడగలేదు. 

మూడు చూపించాడు. మొదటిది మగవాడి చేయంత లావున్నది, తల లోపల దాచుకుని ముద్దలా చుట్టుకుని పడుంది. బాల్ పైథాన్ అనే జాతి, ఇంతకు మించి పెరగదు అన్నాడు. పెరగకపోతేనేం, ఆ లావు చూసే ఆమె తల అడ్డంగా ఊపింది. రెండోది పసుపూ నలుపూ గళ్లది. అది అనిత వైపే చూస్తూ చూస్తూ ఒక్కసారి అద్దం మీద టప్పున కొట్టింది. అనిత వెనక్కి తూలి శివాజీ కాలు తొక్కింది. మూడోది బువ్వడబ్బాలాంటి ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. వేలంత లావు, మూరెడు పొడవు, గోధుమరంగు మచ్చలు. ఉపేంద్ర మూత తీస్తే ఆయన వేళ్ల సందుల్లోంచి నెమ్మదిగా పాకుతూ పోయింది. బర్మా జాతి, చిన్నపిల్ల అన్నాడు.

గంపలో పడ్డ చేప పెరగదు. పారంత వెడల్పున్న చందువ చేప రేపటికీ ఆ వెడల్పే ఉంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ కన్నుతో ఏరిన మనిషి అదే కన్నుతో ఆ వెనక గదిలోనూ చూసింది. పెద్దవి రెండూ వదిలి చిన్నది ఏరింది.

"ఇది ఎంత పెరుగుతాది బాబూ?" అని అడగకపోలేదు.

"తిండిని బట్టి అమ్మా" అన్నాడు ఉపేంద్ర, ఆమెను కాక శివాజీని చూస్తూ. శివాజీ ఫోన్లోకి తల దించుకున్నాడు.

ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. మనిషికి చుట్టుకుంటే ఎలా విడిపించాలని. శివాజీ పకపకా నవ్వాడు. ఉపేంద్ర నవ్వలేదు. తల పట్టుకుని లాగకూడదనీ, లాగినకొద్దీ బిగిస్తుందనీ, తోక కొస దొరకబుచ్చుకుని అక్కణ్ణుంచి ఒక్కో చుట్టే విప్పుకుంటూ రావాలనీ చెప్పాడు. తిరుగు బస్సులో దారిపొడుగునా అనిత ఆ మాటే మనసులో వల్లె వేసుకుంది. ఒళ్లో డబ్బా పెట్టుకుని శివాజీ హాయిగా నిద్రపోయాడు.

ఆ వేలంత లావు పిల్ల మొదట చిట్టెలకలు తింది. తర్వాత పందికొక్కుల్లాంటి ఎలకలు తింది. ఆ తర్వాత కోళ్ల దాకా వచ్చింది. వాళ్ల పడకగది వెనకనున్న గదిలో చెక్కా ఇనపజాలీతో కట్టిన గూడు రెండుసార్లు విప్పి పెద్దది చేశారు. మళ్లీ వానలు పడేనాటికి శివాజీ చేతులు బారజాపి కొలిస్తే బార దాటి ఇంకా మిగిలింది. సాయంత్రాలు దాన్ని మెడలో వేసుకుని వీధిలోకి వచ్చేవాడు. జనం ఫోన్లు పట్టుకునేవారు. అనిత గుమ్మం పట్టుకుని నిలబడి వాడి మెడనే చూసేది. అది ఊపిరి తీసినప్పుడల్లా వాడి కంఠం దగ్గర చర్మం లోపలికి నొక్కుకున్నట్టు ఉండేది. తన ప్రాణానికి ఆమె అంత భయపడలేదు. ఆ మెడ ఒక్కటి నిలిస్తే చాలని ఊరి అమ్మవారికి మొక్కుకుంది.

అంతలో శివాజీ ఆమదాలవలస అవతల ఇంకో చెరువు పట్టాడు. వారమంతా అక్కడే, ఆదివారం ఇంటికి. పాముకి మేత వేసే పని అనిత నెత్తిన పడింది.

మొదటిసారి కోడిని గూట్లోకి వదిలి తలుపు వేసి, గొళ్లెం రెండుసార్లు చూసుకుంది. కోడి ఒక్కసారే అరిచింది. తర్వాత వచ్చిన చప్పుడు, తడిబట్ట పిండినట్టు మెల్లగా, ఆమె చెవుల్లోంచి పోలేదు. రెండోసారి కోడిని చంకలో పెట్టుకుని గూటి ముందు నిలబడ్డప్పుడు ఉపేంద్ర మాట గుర్తొచ్చింది. తిండిని బట్టి. చెరువుల మనిషికి అది తెలియని విషయమా? ధర లేక రొయ్యని ఎదగనివ్వకూడదనుకున్నప్పుడు శివాజీ ఏం చేస్తాడు? మేత కోస్తాడు. రొయ్యలు ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూసి, పోసే మేతలో సగం తగ్గించేస్తాడు. రొయ్య ఉన్న సైజులోనే ఆగిపోతుంది. వాడి పక్కన నిలబడి ఆ ట్రేలు ఎత్తింది ఆమే.

కోడిని వెనక్కి తెచ్చేసింది. ఆ పూట కూర వండింది. కోడి ఎక్కడిదో తెలియనట్టే, కూర్మమ్మ ఇంకో ముక్క వేయమంది.

తొలుత వారం విడిచి వారం వేసింది. తర్వాత నెలకొకటి. ఆ తర్వాత అదీ మానేసింది. ఆదివారం శివాజీ వచ్చి తిన్నదా అని అడిగితే తింది అనేది. అబద్ధం ఆడిన ప్రతిసారీ గబగబా వంటింట్లోకి వెళ్లిపోయేది. కానీ వాడు బార జాపి కొలిచి, ఈ మధ్య ఎదుగుదల ఆగిందే అని పెదవి విరిస్తే లోపల్లోపల దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

ఎదుగుదల ఆగింది నిజమే. ఇంకేదో మొదలైంది. అంతకుముందు ఆ పాము పడుకుంటే పడుకున్నట్టే ఉండేది. ఇప్పుడు అనిత గది ముందు నుంచి వెళితే చాలు, తల జాలీకి ఆనించి ఆమె ఎటు నడిస్తే అటు తిప్పేది. నాలుక ఆడిస్తూనే ఉండేది. చీపురు పట్టుకుని వెళ్లినా అంతే, ఉత్త చేతులతో వెళ్లినా అంతే. మేత సరిపోని చెరువులో రొయ్య రొయ్యనే పీక్కు తింటుందన్న సంగతి అప్పుడు తట్టింది ఆమెకి. తట్టేసరికి గూడు తలుపు తెరిచే ధైర్యం ఆమెలో మిగల్లేదు. చెబుదామంటే శివాజీ మొహం చూసి నోరు పెగల్లేదు. వచ్చే వారం వేద్దాం, వచ్చే వారం వేద్దాం అనుకుంటూ నాగుల చవితి దాకా వచ్చేసింది.

ఏటా చవితికి పొలంగట్టు పుట్ట దగ్గరికి వెళ్లి పాలు పోసి, గుడ్డు వేసి వచ్చేవారు. ఆ ఏడు కూర్మమ్మకు కొత్త ఆలోచన వచ్చింది. నాగరాజు ఇంట్లోనే కొలువుంటే గట్ల వెంట తిరగడం ఎందుకంది. నలుగురినీ పిలిచింది. పక్కింటి గంగులు ఆలితో వచ్చాడు, వీధిలో ఆడవాళ్లు పాలచెంబులతో వచ్చారు. శివాజీ తలస్నానం చేసి, తడి ఒంటి మీద పంచె బిగించి, గూడు తలుపు దగ్గరికి వెళ్లాడు.

"ఇయాల తియ్యకు మావా" అంది అనిత. "వద్దు. సెప్తన్నాను కదా."

"పండగ పూట ఏటే నీ గోల" అని వాడు నవ్వుతూ గొళ్లెం తీశాడు.

దాన్ని భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. కూర్మమ్మ పసుపు చల్లింది. ఆడవాళ్లు దూరం నుంచే దణ్ణాలు పెట్టారు. శివాజీ కుడిచేత్తో గుడ్డు తీసుకుని అందరికీ కనపడేలా పైకి ఎత్తాడు.

అది కదలడం ఎవరూ చూడలేదు. గుడ్డు పగిలిన చప్పుడు మాత్రం విన్నారు. చూసేసరికి వాడి మణికట్టు దాని నోట్లో ఉంది. రెండు చుట్లు మెడ మీద, ఒకటి చంక కింద నుంచి ఛాతీకి అడ్డంగా. శివాజీ దాని తల పట్టుకుని లాగాడు. చుట్లు బిగిశాయి. మోకాళ్ల మీద కూలబడ్డాడు. నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. మొహం ఎర్రబడి, తర్వాత నల్లబడింది.

ఆడవాళ్లు అరుస్తున్నారు, పాలచెంబులు దొర్లాయి, గంగులు గునపం కోసం పరిగెత్తాడు. బస్సులో వల్లె వేసుకున్న మాట ఒక్కటే అనిత తలలో గిర్రున తిరిగింది. తోక. తోక ఎక్కడ? వాడి వీపు మీదుగా దిగి నడుం దగ్గర పంచె మడతలో దోపుకుని ఉంది. ఆమె వాడి వెనక చతికిలబడి, కళ్లు సగం మూసుకుని, ఆ కొసను గుప్పిట పట్టింది. జారిపోయింది. మళ్లీ పట్టింది. లంగరు తాడు చిక్కు విప్పినట్టు ఒక్కో చుట్టూ వెనక్కి తిప్పుతూ తన చేతికి చుట్టుకుంది. ఛాతీ మీది చుట్టు వదిలింది. మెడ మీదిది వదలనంది. గోళ్లు విరిగేలా లాగింది. వదిలింది.

శివాజీ దగ్గుతూ ముందుకు పడ్డాడు. ఊపిరి వచ్చింది. కూర్మమ్మ చెంబులో మిగిలిన పాలు దాని మూతి మీద కుమ్మరిస్తే మణికట్టు కూడా వదిలింది.

పాము ఇప్పుడు అనిత చేతుల్లో ఉంది. ఇన్నాళ్లకి మొదటిసారి ముట్టుకుంది. చర్మం వదులుగా ఉంది. దాని కింద ఎముకలు ఒక్కొక్కటీ వేళ్లకి తగులుతున్నాయి, వెదురు బుట్ట పట్టుకున్నట్టు. గంగులు గునపం ఎత్తాడు. దాన్ని కింద పడెయ్యమని ఆమెకు సైగ చేశాడు. పడేస్తే చాలు. ఇన్ని నెలలుగా కోరుకున్నది ఒక్క దెబ్బతో తీరిపోతుంది.

"దీన్ని ఎప్పుడూ పస్తు పెట్టనేదు" అన్నాడు శివాజీ బొంగురు గొంతుతో, నేల మీద నుంచే. వాడి కళ్లలో ఆ భయం అనిత ఎప్పుడూ చూసి ఎరగదు. "మా అనిత వారం వారం మేత వేస్తాది. కడుపు నిండా తిని కూడా నన్ను పట్టిందంటే, ఇంక దీన్ని నమ్మడం ఎలాగ? కొట్టీ గంగులూ."

అనిత నోరు మూసుకోవచ్చు. కూర్మమ్మ ఆమె వైపు చూసి చూపు తిప్పుకుంది, మూసుకోమనే చెప్పింది ఆ చూపు. కానీ వేళ్ల కింద ఆ ఎముకలు ఉన్నాయి.

"కొట్టకు" అంది. "ఆకలికి పట్టింది మావా. నాను మేత కోసీసినాను. ఎదిగిపోతాదని బయమేసి. దసరా ముందు నుంచీ దానికి ఏటీ పెట్టనేదు."

గంగులు గునపం కిందికి దించాడు. కొడతాడనుకుంది. పుట్టింటికి పొమ్మంటాడనుకుంది. దేనికైనా సిద్ధపడి తల వంచుకుంది. శివాజీ మెడ రుద్దుకున్నాడు. తర్వాత మోకాళ్ల మీద పాకుతూ వచ్చి, రక్తం కారుతున్న చేత్తోనే దాని వీపు నిమిరాడు.

"అయితే దీని తప్పు ఏటీ నేదు" అన్నాడు. వాడి కళ్లలోంచి భయం పోయింది. పోవడం అనిత కళ్లారా చూసింది.

వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. చేతికి కట్టు కట్టించుకుని వచ్చిన శివాజీ, పండగని కూడా చూడకుండా, ఎక్కడి నుంచో బలిసిన పెట్టని పట్టుకొచ్చాడు. కసరలేదు, తిట్టలేదు. కోడిని ఆమె చేతికే ఇచ్చి గూడు తలుపు దగ్గర పక్కన నిలబడ్డాడు.

"నాను కూడా నీకు ఒకటి సెప్పనేదులే" అన్నాడు, కోడి ఈకలు ఇంకా గూట్లో ఎగురుతుండగా. "ఉపేంద్ర ఆ రోజే సెప్పాడు. ఈ జాతి మేత సరిగ్గా పడితే మూడు బారలు పోతాదంట. ముందే సెప్తే నువ్వు ఇంకోటి ఏరతావని ఊరుకున్నాను. నువ్వు సరైనదాన్నే ఏరావు."

పాము మెడ దగ్గర ఉబ్బు నెమ్మదిగా కిందికి జారుతోంది. రేపటి నుంచి మేత తానే చూసుకుంటాననీ, ఈ గూడు చాలదు కాబట్టి గదంతా దానికే వదిలేద్దామనీ శివాజీ చెప్పుకుపోతున్నాడు. అనితకి సగమే వినపడింది. తెలియకుండానే ఆమె చేతులు రెండూ వల కొలిచినట్టు బారజాపుకున్నాయి. వెనక గోడ నుంచి ఒక బార. గుమ్మం దాకా రెండు. మూడోది గుమ్మం దాటి వాళ్ల మంచం మీద తలగడ దగ్గర ఆగింది.